ఆఫ్రికా వెళ్తున్నారా? చెన్నైలో ఎల్లో ఫీవర్ టీకా నుంచి మలేరియా మాత్రల దాకా

చెన్నైలో ఉండే తెలుగువాళ్లూ, నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి విమానం కోసం చెన్నై వచ్చేవాళ్లూ తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "కెన్యా వెళ్తున్నాం, ఏ ఇంజెక్షన్ వేయించుకోవాలి, ఎక్కడ వేస్తారు?" ఒకరు కంపెనీ పని మీద నైరోబీ వెళ్తారు, ఒకరు బోరు పనికో ఫార్మా అమ్మకాలకో నైజీరియా వెళ్తారు, ఇంకొకరు ఉగాండాలోని కంపాలాలో ఉన్న కూతురి పురిటికి వెళ్తారు. దేశం మారుతుంది గానీ ప్రశ్న మారదు. అడిగే వేళకు టికెట్ చేతిలో ఉంటుంది, ప్రయాణం మాత్రం వచ్చే వారమే. చిక్కంతా అక్కడే వస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి. ఎల్లో ఫీవర్ అంటే దోమ కుట్టడం వల్ల వచ్చే, కళ్లు పచ్చబడే ఒక వైరస్ జ్వరం. దాని టీకా వేయించుకున్నట్టు చూపే కార్డు లేకపోతే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు కాబట్టి దానికోసం అందరూ పరుగులు పెడతారు. మలేరియా మాత్రలు తెచ్చుకున్నారా అని ఏ కౌంటర్‌లోనూ అడగరు, అందుకే అవి ఎవరికీ గుర్తుండవు. నిజానికి ఆఫ్రికా వెళ్లి వచ్చినవాళ్లు ఎక్కువగా భయపడాల్సింది మలేరియాకే. కార్డు ఆఫీసరుకు చూపించడానికి, మాత్రలు మీ ప్రాణానికి. అందుకే ఈ రెండో పనిని కూడా ఇక్కడ వివరంగా చెప్తున్నాను.

ఇందులో మందుల పేర్లు, డోసులు ఉన్నాయి. అవి డాక్టరుతో మాట్లాడేటప్పుడు మీకు విషయం తెలిసి ఉండాలని రాసినవే. చీటీ మాత్రం డాక్టరే రాయాలి.

కావలసినవి

పాస్‌పోర్ట్ ఒరిజినల్, దాని జిరాక్స్ రెండు. టికెట్ లేదా వీసా ప్రింట్. పాత టీకాల కార్డు ఉంటే అది, పిల్లలైతే తప్పనిసరిగా. మీరు రోజూ వేసుకునే మందుల చీటీ. అలర్జీలుంటే, ముఖ్యంగా గుడ్డు పడకపోతే, ఆ వివరం. అరవై దాటినవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగర్, కిడ్నీ, క్యాన్సర్ లాంటి జబ్బులకు చికిత్సలో ఉన్నవాళ్లు తమ డాక్టరు రాసిచ్చిన కాగితం. వీటన్నిటికంటే ముందు కావలసింది సమయం. ఆరు వారాలుంటే హాయి, నాలుగుంటే పని జరుగుతుంది, రెండుంటే ఉరుకులు పరుగులు.

1. ముందు మీ రూటు మొత్తం కాగితం మీద రాయండి

ఎక్కడికి వెళ్తున్నారన్నది ఒక్కటే చాలదు. ఏ ఊళ్ల మీదుగా, ఎక్కడ ఎన్ని గంటలు ఆగుతూ, అక్కడి నుంచి మరే దేశానికి పోతూ, ఏ దారిన తిరిగి వస్తారో అంతా రాయండి.

ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలు ఆఫ్రికాలోనూ దక్షిణ అమెరికాలోనూ ఉన్నాయి. నైజీరియా, ఘనా, ఉగాండా, కెన్యా, ఇథియోపియా, కామెరూన్, కాంగో ఒక వైపు; బ్రెజిల్, పెరూ, కొలంబియా, బొలీవియా ఇంకో వైపు. ఆసియాలో ఈ జబ్బు లేదు. ఇక్కడి నుంచి నేరుగా శ్రీలంక, థాయ్‌లాండ్, మలేషియా, సింగపూర్, బాలి, మాల్దీవులు వెళ్లేవాళ్లకు ఈ టీకా అక్కర్లేదు. వాళ్లు 3, 4, 5 దశలు వదిలేసి మిగతావి చదవవచ్చు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఘనా, ఉగాండా లాంటి కొన్ని దేశాలు వచ్చే ప్రతివాళ్ల దగ్గరా కార్డు అడుగుతాయి. కెన్యా అలా కాదు, ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి వచ్చేవాళ్లనే అడుగుతుంది. "కెన్యావాళ్లు కార్డు అడగలేదండీ, కాబట్టి అక్కర్లేదు" అని కొందరు ధీమాగా బయల్దేరతారు. వాళ్లకు అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో వస్తుంది. ఆ దేశాల నుంచి వచ్చి చెన్నైలో దిగినవాళ్లను ఎయిర్‌పోర్ట్ హెల్త్ ఆఫీసు కౌంటర్‌లో కార్డు చూపమంటారు. లేకపోతే ఆ దేశం విడిచిన నాటి నుంచి ఆరు రోజులు నిండేదాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం వాళ్లకుంది. మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు, కానీ దాన్ని మోసే ఏడిస్ ఈజిప్టై దోమకు కొదవ లేదు, డెంగ్యూ తెచ్చేది కూడా అదే. ఒక్క రోగి దిగినా చాలు కాబట్టే ప్రభుత్వం ఇంత పట్టుదలగా ఉంటుంది.

దారిలో ఆగడం ఇంకో మెలిక. ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా జోహన్నెస్‌బర్గ్ వెళ్తున్నారనుకోండి. దక్షిణాఫ్రికాలో ఎల్లో ఫీవర్ లేదు, అయినా ఎల్లో ఫీవర్ దేశంలోని ఎయిర్‌పోర్టులో 12 గంటలకు మించి ఆగి వచ్చినవాళ్లను వాళ్లు కార్డు అడుగుతారు. మన దేశం నియమం ఇంకొంచెం వేరు. ఎయిర్‌పోర్టు దాటి బయటికి రాకుండా విమానం మారినవాళ్లకు మినహాయింపు ఉంది, కానీ దానికి హెల్త్ ఆఫీసరు ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకుంటారో లేదో అనే టెన్షన్ ఎందుకు? ఆ దారిలో వెళ్లేవాళ్లు టీకా వేయించుకుంటే సరిపోతుంది. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది.

2. క్యాలెండర్‌లో వెనక్కి లెక్కపెట్టండి

విమానం తేదీ దగ్గర వేలు పెట్టి వెనక్కి రండి.

ఎల్లో ఫీవర్ కార్డు టీకా వేసిన 10 రోజుల తర్వాత చెల్లుబాటులోకి వస్తుంది. జూన్ 1న వేయించుకుంటే జూన్ 11 నుంచి చెల్లుతుంది. జూన్ 9న విమానమైతే కార్డు చేతిలో ఉన్నా లేనట్టే. దీనికి తోడు అపాయింట్‌మెంట్ దొరకడానికి పట్టే రోజులు కలపండి, సెలవుల సీజన్‌లో అది వారం దాటవచ్చు. అందుకని ప్రయాణానికి నాలుగు వారాల ముందే దీన్ని ముగించుకోవడం మంచిది.

ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. ఎమ్ఎమ్ఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసేది), చికెన్‌పాక్స్ టీకాలు కూడా ఈ రకానివే. ఇలాంటివి రెండు వేసుకోవాల్సి వస్తే ఒకే రోజు వేయించుకోవాలి, లేదా మధ్యలో నాలుగు వారాలు ఆగాలి. పోయిన వారమే పిల్లాడికి ఎమ్ఎమ్ఆర్ వేయించి ఈ వారం ఎల్లో ఫీవర్‌కు తీసుకెళ్తే వెనక్కి పంపేస్తారు. పిల్లలున్నవాళ్లు ఈ లెక్క మొదటే చూసుకోవాలి.

పోలియో చుక్కల సంగతీ ఇక్కడే తేల్చుకోండి. పోలియో వైరస్ ఇంకా తిరుగుతున్న కొన్ని దేశాలకు వెళ్లే భారతీయులు, పెద్దవాళ్లు కూడా, ప్రయాణానికి కనీసం నాలుగు వారాల ముందు నోటి చుక్కలు వేయించుకుని సర్టిఫికెట్ తీసుకోవాలి. అది ఏడాది చెల్లుతుంది. ఈ దేశాల జాబితా మారుతుంటుంది కాబట్టి వీసా పెట్టేటప్పుడే ఎంబసీ సైట్‌లోనూ కేంద్ర ఆరోగ్య శాఖ సైట్‌లోనూ చూడండి. "ఈ వయసులో పోలియో చుక్కలా" అని నవ్వుకుని వదిలేసినవాళ్లు తర్వాత తిప్పలు పడతారు.

3. ఈ టీకా మీకు పడుతుందా?

ఎల్లో ఫీవర్ టీకాను కోడిగుడ్డు పిండాల్లో పెంచి తయారు చేస్తారు. గుడ్డు తింటే ముఖం వాచి, ఊపిరి ఆడనంత అలర్జీ వచ్చేవాళ్లకు ఇది వేయరు. శాకాహారులై గుడ్డు ఎప్పుడూ ముట్టనివాళ్లు కంగారు పడక్కర్లేదు, తినకపోవడం వేరు, పడకపోవడం వేరు. కీమోథెరపీలో ఉన్నవాళ్లకు, ఎక్కువ డోసు స్టెరాయిడ్లు వాడేవాళ్లకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి జబ్బున్నవాళ్లకు, తొమ్మిది నెలలు నిండని పసివాళ్లకు ఇది వద్దు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, అరవై దాటినవాళ్ల విషయంలో డాక్టరు ఆలోచించి చెప్పాలి. పెద్ద వయసులో మొదటిసారి వేయించుకునేవాళ్లకు అరుదుగానైనా తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ. కూతురి పురిటికి వెళ్లే అమ్మానాన్నలు సరిగ్గా ఈ కోవలోకి వస్తారు. వాళ్లను నేరుగా టీకా క్యూలో నిలబెట్టకుండా ముందు ఫిజీషియన్‌కు చూపించండి. టీకా వద్దని తేలితే, ఆ కారణంతో మినహాయింపు పత్రం అంతర్జాతీయ కార్డులోనే రాయించుకోవచ్చు. అయితే దాన్ని అంగీకరించాలా వద్దా అన్నది ఆ దేశం ఇష్టం. బయల్దేరే ముందే ఎంబసీని అడగాలి.

హెపటైటిస్ బి టీకా వేయించుకున్నాం, కామెర్లకు అదే కదా, ఇది మళ్లీ ఎందుకని కొందరు అడుగుతారు. ఆ వైరస్ వేరు, ఈ వైరస్ వేరు. ఒకదానికి వేసిన టీకా ఇంకోదానికి పనిచేయదు.

4. అపాయింట్‌మెంట్, టీకా రోజు

దీన్ని ఏ క్లినిక్‌లో పడితే ఆ క్లినిక్‌లో వేయరు. కేంద్ర ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే వేయాలి, వాటి స్టాంపుకే విలువ. చెన్నైలో అందరికీ తెలిసింది గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. 1899లో మొదలైన సంస్థ, ఒకప్పుడు మశూచి టీకా మందు ఇక్కడే తయారయ్యేది. రెండోది చెన్నై హార్బర్‌కు చెందిన పోర్ట్ హెల్త్ ఆఫీసు. ఓడల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా అక్కడికి వెళ్తారు. వీటితో పాటు అనుమతి ఉన్న ప్రైవేటు కేంద్రాలూ ఉన్నాయి. పూర్తి జాబితా కేంద్ర ఆరోగ్య శాఖ సైట్‌లో దొరుకుతుంది. ప్రభుత్వ కేంద్రాల్లో ఫీజు వందల్లోనే అయిపోతుంది, ప్రైవేటులో దానికి కొన్ని రెట్లు.

సెంట్రల్‌లో దిగేవాళ్లకు గిండీ వెళ్లడానికి ఎయిర్‌పోర్ట్ వైపు మెట్రో ఎక్కడమే తేలిక, అక్కడి నుంచి ఆటో. నెల్లూరు నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. కానీ అపాయింట్‌మెంట్ లేకుండా రావద్దు. ఈ మందు పౌడర్ రూపంలో, ఒక సీసాలో చాలామందికి సరిపడేలా వస్తుంది. నీళ్లు కలిపాక ఆరు గంటల్లోపు వాడేయాలి, మిగిలితే పారేయాల్సిందే. అందుకే వారంలో ఫలానా రోజులు, రోజుకు ఇంతమంది అని లెక్క పెట్టుకుంటారు. "ఒక్కరమే సార్, నెల్లూరు నుంచి వచ్చాం" అని బతిమాలితే సీసా తెరవరు. రోజులు, వేళలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజు ఫోన్ చేసి మరోసారి అడగండి.

ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్లకండి. ఇడ్లీయో పొంగలో తిని వెళ్లండి. క్యూలో నిలబడి సూది చూసి కళ్లు తిరిగి పడేవాళ్లలో ఎక్కువమంది టిఫిన్ తినకుండా వచ్చినవాళ్లే. జ్వరం ఉంటే ఆ రోజు మానేయండి. భుజం తేలిగ్గా బయటికి తీసేలాంటి బట్టలు వేసుకోండి. ఇంజెక్షన్ అయ్యాక అరగంట అక్కడే కూర్చోమంటారు. కార్డు చేతికొచ్చింది కదా అని జారుకోకండి, అలర్జీ వస్తే చాలావరకు ఆ అరగంటలోనే బయటపడుతుంది.

పథ్యం ఏమీ లేదు. స్నానం చేయవచ్చు, మాంసం తినవచ్చు. మరుసటి రోజు నుంచి ఒంటినొప్పులు, కొద్దిపాటి జ్వరం కొందరికి వస్తాయి, పారాసెటమాల్ చాలు. తర్వాతి నెల రోజుల్లో జ్వరం బాగా పెరిగినా, కళ్లు పచ్చబడినా, తీవ్రమైన తలనొప్పితో మత్తుగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఫలానా రోజు ఈ టీకా వేయించుకున్నానని చెప్పండి. నాలుగు వారాలు రక్తదానం చేయకూడదు.

ఇంజెక్షన్ లేకుండా కార్డు మాత్రం ఇప్పిస్తామనే ఏజెంట్లు తగులుతారు. బ్యాచ్ నంబరు సరిచూస్తే ఆ కార్డు బండారం బయటపడుతుంది, అప్పుడు ఇరుక్కునేది మీరే. పైగా ఎల్లో ఫీవర్ సోకితే దానికి ప్రత్యేకమైన మందు లేదు.

5. కార్డు తీసుకుని బయటికొచ్చే ముందు

పసుపు రంగు చిన్న పుస్తకం చేతికిస్తారు. అక్కడే నిలబడి ఇవన్నీ చూడండి, ఇంటికెళ్లాక తప్పు కనిపిస్తే మళ్లీ గిండీ రావాలి.

పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన తెలుగువాళ్లకు ఇక్కడే తేడా వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కార్డులో ఒక్క ఇనీషియల్ రాసేస్తారు. తమిళనాడు లెక్కలో నాన్న పేరు ఇనీషియల్‌గా వేసినవీ ఉంటాయి. అడిగి దిద్దించుకోండి. పాస్‌పోర్ట్ నంబరు, పుట్టిన తేదీ, లింగం సరిచూడండి. టీకా తేదీ, తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం, కేంద్రం స్టాంపు, ఈ ఐదూ ఉండాలి. ఎప్పటి నుంచి చెల్లుతుందో అక్కడ రాసిన తేదీ, టీకా తేదీకి పది రోజులు కలిపితే వచ్చేదేనా చూడండి. ఎప్పటి వరకు అన్నచోట జీవితాంతం అని ఉండాలి. 2016 జూలై 11 నుంచి ప్రపంచమంతటా ఇదే నియమం. అంతకుముందు పదేళ్లకోసారి వేయించుకోవాల్సి వచ్చేది. మీ దగ్గర పాత కార్డుంటే, దాని మీద పదేళ్ల గడువు రాసి ఉన్నా అది ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. దాన్ని పారేసి కొత్తగా వేయించుకోనక్కర్లేదు.

చివరగా, మీరు సంతకం చేయాల్సిన చోట మీరే చేయాలి. ఖాళీగా వదిలేసి వెళ్లేవాళ్లు చాలామంది.

లామినేషన్ చేయించకండి, తర్వాత వేరే టీకాలు రాయడానికి అందులో పేజీలున్నాయి. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, కానీ కౌంటర్‌లో ఒరిజినలే చూపాలి. పాస్‌పోర్ట్ రెన్యువల్ అయి నంబరు మారితే, పాత పాస్‌పోర్టును కార్డుతో పాటు తీసుకెళ్లండి.

6. మిగతా టీకాలు

వీటిని మామూలుగా కౌంటర్‌లో అడగరు గానీ, థాయ్‌లాండ్, వియత్నాం, బాలి వెళ్లేవాళ్లకూ ఇవి వర్తిస్తాయి. మామూలు టీకా క్లినిక్‌లలోనే దొరుకుతాయి.

టైఫాయిడ్: కాంజుగేట్ రకం అడగండి, ఒక్క డోసు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసే టైప్‌బార్ టీసీవీ ఈ రకమే.

హెపటైటిస్ ఎ: చిన్నప్పుడు పల్లెల్లో బావినీళ్లు తాగి పెరిగినవాళ్లలో చాలామందికి ఇది తెలియకుండానే వచ్చి పోయి ఉంటుంది, వాళ్లకు టీకాతో పని లేదు. ఫ్లాట్లలో ఫిల్టర్ నీళ్లతో పెరిగిన ఇప్పటి కుర్రవాళ్లకు ఆ రక్షణ ఉండకపోవచ్చు. యాంటీబాడీ రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుంది.

ధనుర్వాతం: పదేళ్లు దాటితే ఒక బూస్టర్.

హెపటైటిస్ బి పూర్తి కోర్సుకు ఆరు నెలలు పడుతుంది. సైట్ పనికి, ఆస్పత్రి పనికి వెళ్లేవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టాలి.

రేబిస్: ఆస్పత్రి దూరంగా ఉండే ఊళ్లలో నెలల తరబడి ఉండేవాళ్లు ముందుగానే 0, 7 రోజుల్లో రెండు డోసులు వేయించుకుంటే మంచిది. అప్పుడు కుక్క కరిచినా, బాలిలో కోతి కరిచినా, మళ్లీ రెండు డోసులతో సరిపోతుంది, దొరకడమే కష్టమైన ఇమ్యూనోగ్లోబ్యులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) అక్కర్లేదు. ముందు వేయించుకున్నా లేకపోయినా, కరిచిన వెంటనే పుండును సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు.

మెనింజైటిస్: సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఆఫ్రికా నడుమ అడ్డంగా ఉన్న దేశాలకు అక్కడ వానలు లేని కాలంలో, అంటే డిసెంబరు నుంచి జూన్ దాకా వెళ్తుంటే అడగండి. కనీసం పది రోజుల ముందు.

7. మలేరియా మాత్రలు

"మాది నెల్లూరు, దోమలు మాకు కొత్తా? మలేరియా ఎప్పుడో వచ్చి పోయింది." ఈ మాట మీద ధైర్యం పెట్టుకోవద్దు. ఇక్కడ చెన్నైలో వచ్చేది ఎక్కువగా వైవాక్స్ రకం, మనిషిని నీరసపెడుతుంది గానీ చాలావరకు ప్రాణం మీదికి తేదు. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం. జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకో కిడ్నీలకో పాకగలదు. ఎప్పుడో వచ్చిన జ్వరం ఇచ్చిన రక్షణ ఇన్నేళ్లు నిలవదు. ఆఫ్రికాలోనే పుట్టి ఇక్కడ చదువుకుని సెలవులకు ఇంటికి వెళ్లేవాళ్లకే ఆ రక్షణ తగ్గిపోతుంటుంది.

ముందు మీరు తిరిగే చోట ముప్పు ఎంతో చూడండి. నైరోబీ నగరంలో తక్కువ. అక్కడి నుంచి మొంబాసా తీరానికో, మసాయి మారాకో, విక్టోరియా సరస్సు వైపుకో వెళ్తే కథ వేరు. దక్షిణాఫ్రికాలో జోహన్నెస్‌బర్గ్‌లో లేదు, క్రూగర్ పార్క్ వైపు ఉంది. "నైరోబీకే కదా" అని మాత్రలు మానేసి, శని ఆదివారాలు సఫారీకి వెళ్లి జ్వరం తెచ్చుకునేవాళ్లుంటారు.

డాక్టరు రాసే అవకాశమున్నవి మూడు.

డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకొకటి. ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి. చవక, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, అరగంట పాటు పడుకోకూడదు, లేకపోతే గొంతు కింద గొట్టంలో పుండు పడుతుంది. ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇవ్వరు.

మెఫ్లోక్విన్ 250 మిల్లీగ్రాములు, వారానికొకటి. కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టాలి, వచ్చాక నాలుగు వారాలు. పీడకలలు, ఆందోళన కొందరికి వస్తాయి. మూర్ఛ, డిప్రెషన్, గుండె లయ ఇబ్బందులున్నవాళ్లు వాడకూడదు. రెండు వారాలు ముందు మొదలుపెట్టమనేది ఒంటికి పడుతుందో లేదో ఇంటి దగ్గరే తెలిసేందుకు కూడా.

అటోవాక్వోన్-ప్రోగువానిల్, రోజుకొకటి. ఒకటి రెండు రోజుల ముందు మొదలు, వచ్చాక ఏడు రోజులే. ఇబ్బందులు తక్కువ, ధర ఎక్కువ. చెన్నైలో కూడా అన్ని షాపుల్లో ఉండదు, ముందే ఆర్డర్ పెట్టించాలి.

క్లోరోక్విన్ ఇంట్లో మిగిలి ఉందని తీసుకెళ్లకండి. ఆఫ్రికాలోని ఫాల్సిపారం దానికి లొంగదు.

అందరూ చేసే తప్పు విమానం దిగగానే మాత్రలు ఆపేయడం. చెన్నైలో దిగేసరికి "ఇంక ఆ దోమలు లేవుగా" అనిపిస్తుంది. కానీ చివరి రోజు కుట్టిన దోమ వదిలిన క్రిమి ముందు మీ కాలేయంలో దాక్కుని తర్వాతే రక్తంలోకి వస్తుంది. డాక్సీ, మెఫ్లోక్విన్ దాన్ని రక్తంలోనే పట్టుకుంటాయి కాబట్టి ఆ నాలుగు వారాలూ కావాలి. మాత్రలు కొనేటప్పుడే వెళ్లే ముందు రోజులు, ఉండే రోజులు, వచ్చాక రోజులు కూడి లెక్కపెట్టి కొనండి. ఫోన్‌లో అలారం కూడా వచ్చాక వాడే చివరి రోజు దాకా పెట్టండి. తిరిగొచ్చే ఫ్లైట్‌లో స్ట్రిప్ చూసుకోండి, అందులో మాత్రలు మిగిలి ఉండాలి. ఒక్కటీ లేదంటే లెక్క తప్పినట్టే.

ఈ మాత్రలు వేసుకున్నా దోమలకు జాగ్రత్త తప్పదు. మలేరియా దోమ రాత్రి కుడుతుంది, డెంగ్యూ, ఎల్లో ఫీవర్ దోమ పగలు. రిపెల్లెంట్ (దోమలు దగ్గరికి రాకుండా ఒంటికి రాసుకునే మందు) కొనేటప్పుడు డబ్బా వెనక శాతం చూడండి. డీట్ అయితే 20 నుంచి 50 మధ్య, పికారిడిన్ అయితే 20. సన్‌స్క్రీన్ రాసుకునేవాళ్లు ముందు అది, ఆరాక దాని మీద ఇది. దోమతెర చిరుగులు లేకుండా చూసి, అంచులు పరుపు కిందికి దోపాలి.

8. మందుల సంచి

పారాసెటమాల్ తీసుకోండి. జ్వరానికి ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, డెంగ్యూ అయితే రక్తస్రావం పెంచుతాయి. ఓఆర్ఎస్ పౌడర్ పొట్లాలు కనీసం ఆరు. 20.5 గ్రాముల పొట్లం సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో చిటికెడు వేసుకుంటే లాభం లేదు. ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి జ్యూస్ డబ్బాలు అసలు ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టరమ్మ ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాటి మీద ఆ పేరు వాడకూడదని చెప్పింది. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి.

బీపీ, షుగర్ మందులు ఉండే రోజులకంటే రెండు వారాలు ఎక్కువ, చీటీతో సహా చేతి బ్యాగులో. ఇన్సులిన్ చెకిన్ లగేజీలో పెట్టకండి, గడ్డకట్టి పాడవుతుంది. దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లు ట్రమడాల్, కోడిన్ ఉన్న దగ్గు మందు పెట్టుకోకండి, అక్కడ వాటి మీద కఠినమైన నియంత్రణ ఉంది.

9. అక్కడికి వెళ్లాక

నీళ్లు సీలు ఉన్నవి, లేదా మరగబెట్టినవి. ఐసు వద్దు. వేడివేడిగా వండింది తినండి, కోసి పెట్టిన పండు వదిలేయండి. ఇది మనకు కొత్తేం కాదు.

కొత్తవి రెండున్నాయి. విక్టోరియా, మలావి లాంటి సరస్సుల్లో ఈత కొట్టకండి. నీళ్లు ఎంత తేటగా ఉన్నా బిల్హార్జియా పురుగు పిల్లలు చర్మం గుండానే ఒంట్లోకి వెళ్తాయి, నెలల తర్వాత మూత్రంలో రక్తం కనిపిస్తుంది. క్లోరిన్ కలిపిన హోటల్ పూల్‌లో ఫర్వాలేదు. రెండోది, ఉతికిన బట్టలు బయట ఆరేస్తే ఒక రకం ఈగ వాటిలో గుడ్లు పెడుతుంది. ఆ బట్టలు వేసుకుంటే పురుగు చర్మంలోకి దూరి సెగ్గడ్డలా లేస్తుంది. లోదుస్తులతో సహా రెండు వైపులా వేడిగా ఇస్త్రీ చేసి వేసుకోండి. లేదా ఇంట్లోనే ఆరేయండి.

10. తిరిగొచ్చాక జ్వరం వస్తే

ఆఫ్రికా నుంచి వచ్చిన మూడు నెలల్లోపు జ్వరం వస్తే, మాత్రలు మొత్తం వాడినా సరే, అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. "వైరల్ అయి ఉంటుంది, మూడు రోజులు చూద్దాం" అనే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఓపీలో కూర్చోగానే మొదటి మాట "ఫలానా తేదీన కెన్యా నుంచి వచ్చాను" అని ఉండాలి. మీరు చెప్పకపోతే చెన్నై డాక్టరు డెంగ్యూ, టైఫాయిడ్ పరీక్షలు రాసి పంపవచ్చు, ఆయన తప్పు కాదు. మలేరియా స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష), ర్యాపిడ్ కార్డు టెస్టు రెండూ అడగండి. మొదటిది నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల్లో మళ్లీ, అప్పటికీ తేలకపోతే మూడోసారి చేయించాలి. ఒక్క నెగెటివ్‌తో మలేరియా కాదని తేల్చరు. వైవాక్స్ రకమైతే ఏడాది లోపు ఎప్పుడైనా తిరగబెట్టవచ్చు కాబట్టి, అప్పటిదాకా ఏ జ్వరానికి వెళ్లినా ప్రయాణం సంగతి చెప్పండి.

వెళ్లేటప్పుడు ఇంట్లోవాళ్లకూ ఈ విషయం చెప్పి ఉంచండి. జ్వరం బాగా ఎక్కువైతే ఆస్పత్రిలో ఆ మాట చెప్పాల్సింది వాళ్లే.